ముందు వరసల్లో కామెర్లు

డబ్బా మూత బిగించి ఉందో లేదో చూసుకోనే లేదు, ఒలికిందంటే సంచీలో ఫోను, రుమాలు, తాళాలు అన్నీ కంపు కొడతాయి, కొడితే కొట్టనీ, ఆ కంపు బయటికి వచ్చిందంటే తమ్ముడి బతుకు బజారున పడుతుంది, అనుకుంటూ ఆమె సంచీని చంకలోకి ఇంకాస్త ఇరికించుకుని విమానం ముందు గుమ్మంలో అడుగు పెట్టేసరికి లోపల ఉరుము అప్పటికే ఉరుముతున్నాడు, చీఫ్ ఇంజినీరుగా వచ్చిన మొదటి వారంలోనే, విమానాలు బాగుచేసే ఈ హ్యాంగర్‌లో ఆయనకి ఆ పేరు ఖాయమైపోయింది, అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండి ఉండదు, పైకి చూడమ్మా, పైకి, అంటున్నాడు, కొత్తగా చూడడానికేముంది, పొద్దున్నే చూసింది, ముందు వరసల మీద సీలింగు లైట్లన్నీ పసుపు తిరిగి, నడిమధ్య టీ మరకల్లాంటి గోధుమరంగు తేలి, కింద ప్లాస్టిక్ కప్పిన కొత్త సీట్ల మీద జబ్బు మనిషి ఒంటిరంగు పరిచి ఉన్నాయి, వెనక వరసల్లోవి మాత్రం పాలలా తెల్లగా వెలుగుతున్నాయి, అవీ ఇవీ ఒకే కంపెనీవి, ఒకే లారీలో దిగినవి, ఒకే మనిషి బిగించినవి, ఆ మనిషి తన తమ్ముడు, ఆ సంగతి ఉరుముకి తెలుసు, తెలిసీ తెలియనట్టు మాట్లాడడం ఆయన మర్యాదో, లేక ఉచ్చు వెయ్యడమో తేల్చుకోలేక ఆమె పైకే చూస్తూ నిలబడింది. విమానం సొంతదారుల తరఫున తనిఖీకి వచ్చిన కళ్ళజోడాయన పొద్దున మొదటి వరసలో కూర్చుని, ఫోనులో తన మొహం చూసుకుని, ఈ విమానం ఎక్కగానే నాకు కామెర్లు వచ్చినట్టున్నాయండీ అని నవ్వాడు, చాలా మర్యాదగా నవ్వాడు, అలా నవ్వే మనిషి సంతకం పెట్టడని ఆమెకి తెలుసు, సాయంత్రానికి విమానం అప్పగించాలి, అప్పగించే ముందు ఇది ఎందుకైంది, ఎవరివల్ల అయింది, రెండూ చెప్పాలన్నాడు, లైట్ల విభాగం నీది కాబట్టి చెప్పాల్సింది నువ్వే అని ఉరుము వేలు ఆమె వైపు తిరిగింది, ఇదేం పెద్ద బ్రహ్మవిద్యా, ఎవడో బద్ధకస్తుడు మరకలు తుడవడానికి పెయింటు కరిగించే థిన్నర్ వాడాడు, పొగలు లోపలికి పోయి లైట్లు మాడాయి, భోజనాలయ్యాక అందరి టూల్‌బాక్సులూ నా ఎదుట తెరిపిస్తాను, ఎవడి పెట్టెలో డబ్బా దొరికితే వాడి లైసెన్సు రద్దు, ఇక్కడే కాదు, ఇంకెక్కడా విమానం గుమ్మం తొక్కలేడు, ఏమ్మా, వింటున్నావా, వింటున్నాను సార్, అంది ఆమె, చంకలో డబ్బా కడుపులో పిల్లలా కదిలింది.

వేడి అయితే ఎంత బాగుండేది, వేడి అయితే తనకి పాత శత్రువు, దాని నడక తెలుసు, దాని దొడ్డిదారులు తెలుసు, ఏడాదిగా దానితోనే కాపురం చేస్తోంది, ఎల్‌ఈడీ చల్లని దీపం అని అందరూ అనుకుంటారు, ముందువైపు చల్లనే, వీపు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది, ఆ వీపు వేడిని లాగి పారెయ్యడానికే వెనక అల్యూమినియం పట్టా, ఆ పట్టాకి గాలి తగలకుండా ఎవరూ ఏదీ కుక్కకూడదని ఎన్నిసార్లు మొత్తుకుందో, నేల మీద ఉన్నప్పుడు ఏసీ ఆపేసి తలుపులు మూసి లైట్లు నిండుగా వెలిగించకండ్రా బాబూ, వాటిని ఉడకబెట్టినట్టే అవుతుంది అని సీట్లు బిగించేవాళ్ళ వెంటపడి ఎన్నిసార్లు చెప్పిందో, సరే లైట్లక్కా అంటారు, ఆమె వెనుదిరగగానే మళ్ళీ వెలిగిస్తారు, వాళ్ళకి పని చేసుకోవడానికి వెలుతురు కావాలి కదా, అందుకే పొద్దున మొట్టమొదట అనుమానించింది వేడినే, థర్మామీటరు పట్టుకుని ముందు వరసా వెనక వరసా తడిమి తడిమి చూసింది, రెండుచోట్లా ఒకే వేడి, ఉండాల్సినంతే ఉంది, వెనకవాటికి లేని జబ్బు ముందువాటికి ఎందుకొచ్చింది, వేడి కాకపోతే రసాయనం, రసాయనమంటే క్యాబిన్‌లోకి రాకూడనిది ఏదో వచ్చింది, అక్కడ ఆగిపోయింది ఆలోచన, ఆగి, తనంతట తానే విమానం దిగి, మెట్ల పక్కన వరసగా పేర్చిన టూల్‌బాక్సుల దగ్గరికి నడిచి, స్క్రూడ్రైవరు కావాలని తనకి తానే అబద్ధం చెప్పుకుంటూ తమ్ముడి పెట్టె తెరిచింది, పై అరలో స్పానర్లు, కింది అరలో పాత బనీను గుడ్డ, గుడ్డ కింద థిన్నర్ డబ్బా, చుట్టూ ఎవరూ లేరు, చెయ్యి ఆమెని అడక్కుండానే డబ్బాని సంచీలో పడేసింది, ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క బోల్టు ఇంటికి తీసుకెళ్ళని చెయ్యి.

అప్పట్నుంచీ ఆ వాసన, ముక్కులో కాదు, నుదుటి వెనక ఎక్కడో గుచ్చుకునే వాసన, ఉరుముకి తగలడం లేదా, కళ్ళజోడాయనకి తగలడం లేదా, అందరూ తన సంచీ వైపే చూస్తున్నట్టుంది, వాడిని ఇక్కడికి తెచ్చింది తనే, మా తమ్ముడండీ, చేతిపని శుభ్రంగా ఉంటుంది అని పూచీ పడింది తనే, నిజంగానే శుభ్రమైన చెయ్యి, చిన్నప్పుడు మాత్రం ఇంట్లో ఏది విరిగినా వాడే, గోడ గడియారం, నాన్న రేడియో, అమ్మ కుట్టుమిషను పెడలు, నేను కాదక్కా అనేవాడు, అన్నప్పుడల్లా ఎడం చెవి ఎర్రబడేది, మొహం ఎంత అమాయకంగా పెట్టినా చెవి వాణ్ణి పట్టించేది, ఇప్పుడు హెల్మెట్ కింద ఆ చెవి కనబడదు, ఈ లైట్ల సంగతి మొదట చెప్పింది వాడే కదా, సీట్ల పని నడుస్తున్నప్పుడే వచ్చి, అక్కా ముందు లైట్లు రంగు మారుతున్నాయి, చూడవూ అన్నాడు, రెండు పీకి ఆమె ల్యాబ్‌కి పంపించాడు, ల్యాబ్‌లో కొలిచి చూస్తే తెల్లగా, నిక్షేపంలా ఉన్నాయి, బిగించుకోమని తిప్పి పంపింది, రెండు వారాలకి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అవే తంటాలు, మళ్ళీ కొలిచింది, మళ్ళీ తెలుపే, ఒరేయ్ కళ్ళు చూపించుకోరా, పెళ్ళాంతో పోట్లాడి నిద్రలేక ప్రపంచమంతా పచ్చగా కనబడుతోందేమో అంది అందరి ముందూ, అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు, అప్పుడు వాడి నవ్వులో ఏముందో ఇప్పుడు వెతుక్కుంటోంది, తుడిచింది వాడే అయితే ముందే ఫిర్యాదు చేసి చేతులు దులుపుకోవాలనుకున్నాడా, అంత తెలివి వాడికి ఎక్కడిది, లేదు లేదు, ఉంది, అప్పుడు రేడియో పాడుచేసినప్పుడు కూడా, నాన్నా రేడియోలో ఏదో గరగరమంటోందని తనే ముందు వెళ్ళి చెప్పాడు, ఛ, పదేళ్ళ పిల్లాడి తప్పు తెచ్చి ముప్పై దాటిన మనిషి నెత్తిన పెడుతోంది, అక్కేనా తను, పోలీసా, ఫోను మోగింది, అమ్మ, తమ్ముడు పొద్దున ఏమీ తినకుండా బయల్దేరాడటే, మరదలు ఫోను చేసి చెప్పింది, ఏవో చిరాకుల్లో ఉన్నాడట, కాస్త కనిపెట్టుకుని ఉండు, సరేనమ్మా, చిరాకులంటే ఏం చిరాకులు, పని చిరాకులా, తప్పు చేసిన చిరాకులా, అడగలేదు, అమ్మని అడిగితే రెండో ప్రశ్న అమ్మ అడుగుతుంది.

హ్యాంగర్ వెనక గోడ దగ్గర, టైర్లు పేర్చే చోట వాణ్ణి పట్టుకుంది, చేతిలో టీ కప్పు, మొహంలో చింతాకంత చింత లేదు, హెల్మెట్ తియ్యరా, అంది, ఎందుకు, తియ్యమన్నానా, తీశాడు, ఎడం చెవి మామూలుగానే ఉంది, ఏంటక్కా జుట్టు ఊడుతోందా అన్నాడు, ఆమె సంచీ తెరిచి చూపించింది, లోపలికి తొంగి చూసి వాడు మొదట అయోమయపడ్డాడు, తర్వాత, ఓసి నీ, ఇది నువ్వు తీశావా, పొద్దుట్నుంచీ పెట్టె తిరగేసి మరగేసి ఎవడు కొట్టేశాడా అని ఆ పక్క విమానం దగ్గర పనిచేసేవాణ్ణి అనుమానించి తిట్టాను కూడా, వాడికి ఇప్పుడు క్షమాపణ ఎవరు చెప్తారు, నువ్వు చెప్తావా, అక్కా నీకు థిన్నర్ ఎందుకు, గోళ్ళరంగు తుడుచుకోడానికా, ఒరేయ్ వేళాకోళం ఆపు, క్యాబిన్‌లో లైట్లు దీంతో తుడిచావా లేదా, నా మొహం చూసి చెప్పు, వాడి నవ్వు ఆగిపోయింది, టీ కప్పు టైరు మీద పెట్టాడు, నువ్వు అలా అనుకున్నావా, అని అడిగాడు, గొంతులో కోపం లేదు, అదే ఆమెకి కోపం కన్నా ఎక్కువగా తగిలింది, అనుకోవడం కాదురా, నీ పెట్టెలో దొరికింది, మధ్యాహ్నం అందరివీ తెరిపిస్తున్నారు, అంటే నన్ను కాపాడడానికి దాచావు, అంటే నేనే చేశానని ఖాయం చేసుకున్నావు, శభాష్, సరే, మూత చూశావా, ఏ మూత, డబ్బా మూతే తల్లీ, బయటికి తీసి చూడు, తీసింది, మూత చుట్టూ రేకు సీలు, కొట్టులోంచి వచ్చినట్టే చెక్కు చెదరకుండా ఉంది, గోరు పెట్టి తడిమింది, ఎక్కడా తెగలేదు, వాడు అందుకున్నాడు, నీ మేనకోడలు ఫ్రిజ్ తలుపు నిండా బొమ్మల స్టిక్కర్లు అతికించింది, ఒకటీ రెండూ కాదు, ఫ్రిజ్ కనబడదు, బొమ్మలే కనబడతాయి, మీ మరదలు నిన్నంతా వాయించింది, ఆ జిగురు వదిలించేదాకా ఇంట్లో కాఫీ లేదంది, అందుకే పొద్దున తినకుండా బయల్దేరి, దారిలో కొని, బండి డిక్కీ తాళం పనిచెయ్యక పెట్టెలో పడేశాను, పడెయ్యకూడదు, తప్పే, కానీ తెరవలేదు, విమానం ఎక్కించలేదు, చాలా, ఇంకా ఏమైనా సోదా చెయ్యాలా, జేబులు చూపించనా, ఆమెకి నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చి ముక్కులోంచి ఏదో వింత శబ్దం వచ్చింది, అది విని వాడికీ నవ్వొచ్చింది, మరి పొద్దుట్నుంచీ ఆ వాసన, సీలు తియ్యని డబ్బాలోంచి, నుదుటి వెనక గుచ్చుకున్న ఆ వాసన, అది డబ్బాది కాదు, తన అనుమానానిదే.

డబ్బా గేటు దగ్గర కాపలావాళ్ళకి అప్పగించి వచ్చాడు తమ్ముడు, సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు తీసుకుంటానని చెప్పి, అంతా బహిరంగంగా, ఆమె భుజం మీద నుంచి ఏదో బరువు దిగి సంచీ గాలిలా తేలింది, కానీ పైన లైట్లు పచ్చగానే ఉన్నాయి, తమ్ముడు చెయ్యకపోతే ఎవరు, ఎవరూ కాకపోతే ఏమిటి, నువ్వు నాతో రా, పొద్దున రెండు లైట్లు పీకి ల్యాబ్‌లో పెట్టాను, నీ చేతులతో విప్పి చూడు అంటూ వాణ్ణి లాక్కుని ల్యాబ్ తలుపు తోసింది, గుమ్మంలోనే ఆగిపోయింది, బల్ల మీద రెండు లైట్లు, రెండూ వెలుగుతున్నాయి, ఒకటి పచ్చగా, పొద్దున ఎలా తెచ్చిందో అలాగే, రెండోది తెల్లగా, కొత్త సున్నం వేసిన గోడలా, ఎవడో మార్చేశాడు, మొదట తట్టిన మాట అదే, తాళం వెయ్యకుండా వెళ్ళింది, ఎవడో వచ్చి మంచి లైటు పెట్టి చెడ్డది పట్టుకుపోయాడు, అంటే ఈ హ్యాంగర్‌లో ఎవడో సాక్ష్యాలు మాయం చేస్తున్నాడు, అక్కా కంగారు పడకు, గుర్తులేమైనా పెట్టావా అన్నాడు తమ్ముడు, పెట్టింది, పీకిన ప్రతి లైటు వీపు మీదా మేకుతో వరస అంకె గీస్తుంది, అది తన అలవాటు, తెల్లగా ఉన్నదాన్ని తిప్పి చూసింది, ఆమె గీసిన గీతే, వంకర మూడు, ఆమె మూళ్ళు ఎప్పుడూ వంకరే, బళ్ళో దెబ్బలు తిన్నా మారని వంకర, ఇది అదే లైటు, ఎవరూ మార్చలేదు, దానంతట అదే తెల్లబడింది.

దానంతట అదే తెల్లబడింది, మళ్ళీ అనుకుంది, ఈసారి మెల్లగా, మాడిన అన్నం మళ్ళీ తెల్లబడుతుందా, పడదు, కాలినది కాలినట్టే ఉండాలి, తెల్లబడిందంటే కాలలేదు, ఏదో పట్టింది, పట్టినది వదిలింది, ఈ రెంటికీ తేడా ఏమిటి, తేడా ఆమె కళ్ళ ఎదుటే ఉంది, తెల్లదానికి పొద్దున కవరు ఊడదీసింది, పచ్చదాని కవరు ఊడదీసేలోపు ఉరుము పిలిస్తే పరిగెత్తింది, ఒకటి గాలికి తెరిచి ఉంది, ఒకటి మూసి ఉంది, అంతే తేడా, అప్పుడు గుర్తొచ్చి కుర్చీలో కూలబడింది, ల్యాబ్‌లో పద్ధతి, తను పెట్టిన పద్ధతే, లైటు రాగానే మొదట కవరు విప్పాలి, గీతలు పడ్డ కవరుతో వెలుగు కొలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి, తర్వాత పూటంతా వెలగనివ్వాలి, వేడి నిలకడ పడేదాకా కొలవకూడదు కాబట్టి, ఆ తర్వాతే కొలవాలి, కొలిచేసరికి మరక ఎగిరిపోతోంది, రెండుసార్లూ అదే జరిగింది, నువ్వు పచ్చగా పంపావు, నేను తెల్లగా చూశాను, అంది తమ్ముడితో, వాడు అర్థమై, అర్థం కానట్టు మొహం పెట్టి, అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట, డాక్టరు దగ్గరికి అక్కర్లేదు అన్నాడు, అక్కర్లేదురా, నన్ను తీసుకెళ్ళు, సరే అది తర్వాత, ఇప్పుడు చెప్పు, మూసిన కవరు లోపల దీపంతో పాటు ఇంకేముంది, అల్యూమినియం పట్టా, స్క్రూలు, తీగ, ఇవి వెనక వరసల్లోనూ ఉన్నాయి, ముందు వరసల్లో మాత్రమే పెట్టినది ఏదైనా ఉందా, వాడు నుదురు గోక్కున్నాడు, లేదక్కా అన్నీ ఒకటే, ఒకే స్క్రూలు, ఒకే, ఆగు, స్పాంజి.

ఏ స్పాంజి, అదే అక్కా, మొదటిసారి ఇంజను తిప్పి చూసినప్పుడు ముందు వరసల్లో కవర్లు గిజగిజమని మోగాయి, ఖరీదైన సీట్లవాళ్ళు నిద్రపోయే చోట ఈ మోత ఏమిటని గొడవైంది, అందుకని నల్ల స్పాంజి పట్టీ కోసి కవరు అంచున పెట్టాం, మోత ఆగింది, కానీ బయటికి నల్ల గీతలా కనబడుతోంది, అందంగా లేదు, లోపలికి దోపండి అన్నారు, దోపాను, ఆమె పచ్చ లైటు తీసుకుని స్క్రూ తిప్పి కవరు విప్పింది, గుప్పుమని వాసన కొట్టింది, అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త చెప్పుల వాసన, ఈసారి నుదుటి వెనక కాదు, నిజంగా ముక్కులో, తమ్ముడు కూడా మొహం తిప్పుకున్నాడు, అంచు వెంట సన్నటి నల్ల పట్టీ, పొద్దున మొదటి కవరు విప్పినప్పుడు కూడా కంటపడింది, కంపెనీ వేసిన సీలు అనుకుంది, పట్టీ వెచ్చగా, మెత్తగా, వేలికి జిడ్డుగా తగిలింది, చాలు, మిగతాదంతా దానంతట అదే వచ్చి కుదిరింది, దీపం వేడికి స్పాంజి ఊపిరి వదులుతుంది, కవరు మూసి ఉంటే ఆ ఊపిరి ఎక్కడికీ పోలేక దీపం మీది మెత్తటి పూతలోకి ఇంకుతుంది, ఇంకినది దీపం వెలుగుకి, వేడికి గోధుమరంగు తిరుగుతుంది, కవరు తెరిచి గాలి ఆడనిస్తే మెల్లగా వదిలిపోతుంది, వేడి ఒంటరిగా రాలేదు, తోడు తెచ్చుకుంది, ఏడాదంతా పట్టాల వెనక ఏం కుక్కారా అని వెతికింది, దీపం పక్కన ఏం మూశారా అని ఎప్పుడూ వెతకలేదు, దోపండి అన్నారు అన్నావే, ఎవరన్నార్రా, అడిగింది, తమ్ముడు కళ్ళు పైకెత్తి, వాన వచ్చేలా ఉందా అన్నట్టు చెయ్యి చాపి చూశాడు, ఆమెకి అర్థమై నోరు రెండు చేతులతో మూసుకుంది.

ఇప్పుడు నోటిమాట చాలదు, కళ్ళతో చూపించాలి, భోజనాల గంట కొట్టి అందరూ దిగిపోగానే ఇద్దరూ విమానం ఎక్కారు, రెండో వరస మీద కవర్లన్నీ విప్పి, స్పాంజి పట్టీలు లాగి పారేసి, ఏసీ గాలి పెట్టి, లైట్లు నిండుగా వెలిగించి వదిలేశారు, ముందూ వెనకా మిగతా వరసలు ముట్టుకోలేదు, తర్వాత చెయ్యగలిగింది ఏమీ లేదు, చూడడమే, ఆమె మూడో వరసలో ప్లాస్టిక్ సీటు మీద కూర్చుంది, కదిలితే కర్రుకర్రుమంటుంది, తమ్ముడు పక్కనే కూర్చుని ఆమె క్యారియర్‌లో అన్నం సగం తినేశాడు, నీ వంట బాగుపడింది అన్నాడు, వండింది మీ బావరా, అందుకే, అన్నాడు, ఇద్దరూ పైకి చూస్తూ తిన్నారు, పాలు పొంగుతాయా లేదా అని పొయ్యి దగ్గర కాపలా కాసినట్టు, చూసినంతసేపూ ఏమీ మారలేదు, ఇది మారకపోతే, ల్యాబ్‌లో తెల్లబడింది ఏదో కాకతాళీయం అయితే, మళ్ళీ థిన్నరే, మళ్ళీ టూల్‌బాక్సులే, కింద నిజంగానే పెట్టెలు తెరిపిస్తున్నారు, రేకు మూతలు టపటపమంటున్నాయి, ఉరుము గొంతు పైదాకా వినబడుతోంది, ఇదేమిటి, పేకముక్కలా, పని చెయ్యడానికి వస్తున్నావా పేకాడడానికి వస్తున్నావా, తమ్ముడి వంతు వచ్చినట్టుంది, వాడు దిగి వెళ్ళాడు, థిన్నర్ డబ్బా అందులో లేదని తెలుసు, తెలిసినా ఆమె చెవులు రిక్కించింది, తమ్ముడి మాటా ఉరుము మాటా కలిసిపోయి ఏమీ అర్థం కాలేదు, తర్వాత వాడి నవ్వు వినబడింది, తర్వాత మెట్ల మీద వాడి అడుగులు, ఏముందిరా, ఏముంటుంది, పాత బనీను ఉతుక్కోమన్నాడు, అంటూ వచ్చి కూర్చోబోయి ఆగిపోయాడు, అక్కా, ఏమిటి, నువ్వు అలా గుడ్లప్పగించి చూస్తున్నావు కాబట్టి తెలియడం లేదు, నేను బయటినుంచి వచ్చాను కాబట్టి తెలుస్తోంది, నీ మొహం చూడు, అని ఫోను తీసి పట్టుకున్నాడు, ఫోనులో ఆమె మొహం, వయసు, అలసట, కళ్ళ కింద నలుపు, అన్నీ ఉన్నాయి, కానీ నుదుటి మీద, రెండో వరస వెలుగు పడ్డ చోట, కామెర్లు లేవు.

సాయంత్రం ఉరుము, కళ్ళజోడాయన ఎక్కేసరికి ఆమె నడవలో పక్కకి తప్పుకుంది, మొదటి వరస పచ్చగా, మూడోది పచ్చగా, వాటి మధ్య రెండో వరస తెల్లగా, చీకటి గదిలో కిటికీ తెరిచినట్టు, కళ్ళజోడాయన జోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, ఇవి కొత్తవా అండీ, కాదండీ, పొద్దున మీకు కామెర్లు తెప్పించినవే, లైట్ల నంబర్లు మీ జాబితాతో సరిచూసుకోండి, కవరు విప్పి గాలి ఆడనిచ్చాం, అంతే, రేపటికల్లా మిగతా వరసలూ ఇలాగే అవుతాయి, ఒక్క లైటు కూడా మార్చక్కర్లేదు, ఒక్కటి కూడానా అన్నాడాయన, ఈసారి నవ్వు వేరు, పళ్ళతో కాదు, కళ్ళతో, అయితే రేపు సాయంత్రం వచ్చి సంతకం పెడతాను అన్నాడు, ఆమెకి నెత్తిన పాలు పోసినట్టయింది, ఉరుముకి మాత్రం ఆనలేదు, ఇదంతా బాగానే ఉందమ్మా, మంత్రం బాగానే వేశావు, కానీ చేసినవాడు ఎవడు, పెట్టెల్లో ఏమీ దొరకలేదు, అయినా ఎవడో ఒకడు ఉంటాడు కదా, నాకు పేరు కావాలి, నువ్వు తెలిసీ దాస్తున్నావు, నీ మొహమే చెప్తోంది, ఎవరినో కాపాడుతున్నావు, అని తమ్ముడి వైపు చూశాడు, తిన్నగా, దాపరికం లేకుండా, పొద్దుట్నుంచీ మర్యాద కప్పుకున్న అనుమానం ఇప్పుడు ముసుగు తీసేసింది, తమ్ముడు తలుపు దగ్గర హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు, నెమ్మదిగా, ఏదీ దాచుకోని మనిషి ఎలా నిలబడతాడో అలా, అది చూసి ఆమెకి తెలిసింది, పొద్దుట్నుంచీ తనని తరిమింది వాడి లైసెన్సు పోతుందన్న భయం కాదు, వాడు అలాంటివాడేనని తను నమ్మాల్సి వస్తుందన్న భయం, వాడు నిజంగా చేసి ఉన్నా డబ్బా దాచి ఉండేది, దాచి, జీవితాంతం వాడి చెవి వంక చూస్తూ బతికి ఉండేది, ఆ బతుకు తప్పింది, ఉద్యోగాలు, సంతకాలు, ఉరుములు అన్నీ దాని తర్వాతే, అది ఒక్కటీ తప్పింది, ఇంక ఏ పేరు చెప్పడానికీ భయం లేదు, గొంతు సవరించుకోవాల్సిన పని కూడా లేకుండా మాట దానంతట అదే వచ్చింది, కింద హ్యాంగర్‌లో పనిచేస్తున్నవాళ్ళకి కూడా వినబడేంత స్పష్టంగా, మోత ఆపడానికి మీరు లోపలికి దోపించిన నల్ల స్పాంజి, సార్.